గడి తప్పిన అంకె

పోయిన వారం ఆమెని మనం ఆసుపత్రి మెట్ల మీద, చేతిలో ఫోనుతో కూలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఆమె ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలకి నంబర్లు వేసే ఉద్యోగస్తురాలు. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వం ఒకటుంది కదా, అందులో ఒకే ఒక్క వ్యాసాన్ని పదకొండేళ్ళుగా కంటికి రెప్పలా కాపాడుకొస్తోంది. అది ఒక పాత కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టం గురించిన వ్యాసం. అక్కడ ఆమె పేరు చీపురు. ఆధారం లేని మాట కనిపిస్తే చాలు, ఊడ్చి అవతల పారేస్తుందని ఆ పేరు తనే పెట్టుకుంది. "ఆ పేజీకి జ్వరమొస్తే దీనికి మాత్రలు వెయ్యాలి," అని వాళ్ళక్క ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వేది.

ఆ అక్కకే మూడు రోజుల కిందట గుండె ఆపరేషన్ అయింది. రెండో అంతస్తు వార్డులో ఐదో నంబరు మంచం. అక్కడ ఎనిమిది మంచాల గుండెలనీ ఒకే పెద్ద తెర మీద చూపిస్తారు. ఆ తెర మూలన చిన్న అక్షరాల్లో చీపురుకి బాగా తెలిసిన పేరు కనిపించింది. తన ఆపరేటింగ్ సిస్టమే, రెండో వెర్షన్. చుట్టాన్ని చూసినంత సంబరపడింది. ఆ సంబరం పొద్దున పదిన్నర దాకానే నిలిచింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వ్యాసం వెనకుండే చర్చా పేజీలో ఇలా రాసి వెళ్ళాడు: "రెండో వెర్షన్ ఆపకుండా నాలుగు వందల తొంభై ఏడు రోజులు నడుస్తుందని మీరు రాశారు. తప్పు. నూట ఇరవై నాలుగే. అది దాటితే చివరి నిమిషాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తూ ఉంటుంది. చూసేవాళ్ళకి నడుస్తున్నట్టే ఉంటుంది. నేనొకసారి చూశాను."

ఎవడో పనిలేనివాడు అనుకుంది. అయినా అలవాటు కొద్దీ, ఎవరెప్పుడు ఏం మార్చారో చూపించే పేజీ చరిత్ర తిరగేసింది. ఐదేళ్ళ కిందట ఎవరో వెర్షన్ల పట్టికని సర్దుతూ ఒక ఖాళీ గడి తీసేశారు. దాంతో ఆ నిలువు వరసలోని అంకెలన్నీ ఒక గడి పైకి జరిగాయి. మూడో వెర్షన్ అంకె వచ్చి రెండో వెర్షన్ పక్కన కూర్చుంది. ఎవరా తెలివైనవాళ్ళని పేరు చూస్తే, చీపురు. పక్కన 'చిన్న మార్పు' అన్న టిక్కు కూడా ఉంది. ఆ టిక్కు పెడితే ఇది కామా, చుక్క సర్దుబాటే అనుకుని ఎవ్వరూ తెరిచి చూడరు.

ఇక్కడే కదూ మనం ఆగింది?

*

మెట్ల మీద నుంచి లేచింది. పైకి వెళ్ళి నర్సుకి చెబుదామా అనుకుంది. ఏమని చెబుతుంది? తెర బాగానే నడుస్తోంటే, పేషెంటు చెల్లెలొచ్చి దాన్ని నమ్మొద్దంటే, మంచినీళ్ళిచ్చి కుర్చీలో కూర్చోబెడతారు. బావ వార్డు బయట బెంచీ మీద కునికిపాట్లు పడుతున్నాడు. ఆయనకి చెబితే నర్సు కంటే ముందు ఆయన్ని మంచమెక్కించాలి. యంత్రాలు తెలిసిన మనిషి కావాలి. అటుగా వెళ్తున్న ఆయాని అడిగితే, "కింద సెల్లారులో మెషీన్ల డాక్టరు గారు ఉంటారు, వెళ్ళండి," అంది.

మెషీన్ల డాక్టరు అంటే నిజం డాక్టరు కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆసుపత్రిలో యంత్రాలన్నిటికీ మరమ్మతు చేసే మనిషి. రిటైర్మెంటుకి దగ్గర పడ్డాడు. చేతిలో ఒక బీపీ మిషను విప్పి, అద్దాలు నుదుటి మీదకి తోసుకుని, లోపలికి తొంగి చూస్తున్నాడు. గదంతా వైర్లూ, పాత మానిటర్లూ, మూతల్లేని డబ్బాలూ. ఆయన బల్ల వెనక గోడకి మాత్రం అన్నీ పొందికగా ఉన్నాయి. ఒక కేలెండరు, ఒక రిజిస్టరు, ప్లాస్టిక్ తొడుగు వేసిన ఒక కాగితం.

ఆ కాగితం మీద చూపు పడగానే చీపురు గుమ్మంలోనే ఆగిపోయింది. అది తన పట్టిక. తను కూర్చి, గీతలు సరిచేసి, ముచ్చటగా తీర్చిన పట్టిక. రెండో వెర్షన్ పక్కన 497 అని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

"ఏం కావాలమ్మా?" అన్నాడాయన తలెత్తకుండానే.

"రెండో అంతస్తులో పెద్ద తెర ఉంది కదండీ. దాన్ని చివరిసారి ఎప్పుడు ఆపి మళ్ళీ పెట్టారు?"

అప్పుడు తలెత్తాడు. "మీరెవరు? కంపెనీ నుంచా?"

"కాదండీ. ఐదో నంబరు పేషెంటు చెల్లెల్ని."

"పేషెంటు గురించైతే పైన అడగండమ్మా. తెర సంగతి నేను చూసుకుంటాను. దానికింకా ఏడాది పైనే టైముంది."

"లేదండీ. ఆ గోడ మీది అంకె తప్పు. నాలుగు వందల తొంభై ఏడు కాదు, నూట ఇరవై నాలుగు."

ఆయనకి కోపం రాలేదు. అందుకే ఆమెకి ఇంకా భయమేసింది. చంటిపిల్లని బుజ్జగించినట్టు నవ్వి, సొరుగులోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి, మూల మడిచిన పేజీ తెరిచి ముందు పెట్టాడు. ఆసుపత్రికి యంత్రాలు చూసే కంపెనీవాళ్ళు మూడేళ్ళ కిందట వేసిన పుస్తకం. "చూడండి. అచ్చులో ఉంది. నేను కూడా ఒక్క పుస్తకాన్ని గుడ్డిగా నమ్మే రకాన్ని కాదు. విజ్ఞాన సర్వస్వంలో కూడా చూశాను. రెండు చోట్లా అదే అంకె. ఇంకేం కావాలి?"

"ఆ విజ్ఞాన సర్వస్వంలో రాసింది నేనేనండీ."

"మంచిది."

"తప్పు రాశాను. పట్టిక సర్దేటప్పుడు ఒక గడి జరిగింది. మీ కంపెనీ పుస్తకం వాళ్ళు నా పేజీలోంచి దించుకున్నారు. తరవాత ఎవరో వచ్చి ఆ పుస్తకాన్నే నా పేజీ కింద ఆధారంగా పెట్టారు."

మెషీన్ల డాక్టరు అద్దాలు ముక్కు మీదకి దించుకున్నాడు. "అంటే పుస్తకానికి మీ పేజీ సాక్ష్యం, మీ పేజీకి పుస్తకం సాక్ష్యం. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నిలబడ్డారంటారు."

"అవునండీ."

"బాగుందమ్మా. కానీ మీరే రాశారని నమ్మకమేంటి? ఆ తెర ఆపాలంటే ఎంత తతంగమో తెలుసా? ఎనిమిది మంచాల దగ్గరా ఎనిమిది మంది నిలబడాలి. పెద్ద డాక్టరు గారు సంతకం పెట్టాలి. కిందటిసారి ఆపితే మళ్ళీ లేవడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నా ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. ఇప్పుడు నేను పోయి, ఎవరో చెల్లెలు గారు చెప్పిందండీ అంటే నన్నేమంటారు? రాతపూర్వకంగా ఏదైనా చూపించండి. ముందు మీ పేజీలో మార్చండి, చూద్దాం."

న్యాయమైన మాటే. పదకొండేళ్ళుగా చీపురు అందరితోనూ అదే మాట అంటోంది.

ఆయన కళ్ళ ముందే ఫోను తీసి, మూడుసార్లు తప్పు నొక్కి, నాలుగోసారి పట్టిక తెరిచింది. 497 తీసేసి 124 పెట్టింది. ఐదేళ్ళ కిందటి పట్టికలో ఉన్న అసలు తయారీదారుల పుస్తకం పేరు కూడా ఆధారంగా రాసింది. భద్రపరచింది. ఫోను ఆయనకి అందించింది. ఆయన అద్దాలు సరిచేసుకుని చూసేసరికి అక్కడ మళ్ళీ 497 ఉంది.

"ఏమ్మా, ఆటలాడుతున్నారా?"

కాదు. కాపలా వచ్చింది. ఆ పేజీ మీద చీపురుతో పాటు కన్నేసి ఉంచే రెండో మనిషి పేరు కాపలా. ఎక్కడుంటుందో, ఏం చేస్తుందో తెలియదు. ఏడేళ్ళ స్నేహంలో ఒకరి గొంతు ఒకరు వినలేదు. ఆధారం అంటే ఏమిటో, ఎందుకు మొహమాటపడకూడదో ఆమెకి అక్షరం అక్షరం నేర్పింది చీపురే. ఇప్పుడా శిష్యురాలు మార్పు కొట్టేసి కింద వివరణ రాసింది: "కొత్త పుస్తకం ఉండగా పాతది చెల్లదు. ముందు చర్చా పేజీలో ఏడు రోజులు చర్చించాలి. నియమం."

ఆ ఏడు రోజుల నియమం రాసిందెవరో నేను చెప్పక్కర్లేదు.

చీపురు మళ్ళీ మార్చింది. ఈసారి వివరణలో, "నా తప్పే. మనుషుల ప్రాణాలు. దయచేసి వదిలెయ్యి," అని రాసింది. నిమిషం గడిచింది. తరవాత ఫోను టింగుమంది. కాపలా రాసింది: "చీపురు గారు ఇలా బతిమాలరు. ఆధారం లేకుండా ప్రాణాలూ, కన్నీళ్ళూ అని రాసేవాళ్ళని వాకిట్లోంచే పంపించేసే మనిషి ఆవిడ. ఎవరో ఆవిడ ఖాతా దొంగిలించారు. పైవాళ్ళకి చెప్పాను." దాని కిందనే ఇంకో వాక్యం ఎర్రగా వచ్చింది. ఈ ఖాతా నుంచి ఇరవై నాలుగు గంటల పాటు ఏ మార్పూ చెయ్యడానికి వీల్లేదు.

చీపురుకి ఏడుపు రాలేదు. నవ్వొచ్చింది, అదీ వంకరగా. తన పేజీ గుమ్మంలో తననే ఆపేశారు, అదీ తను నేర్పిన పద్ధతిలోనే. ఇంత భయంలోనూ ఆ పిల్ల ఎంత బాగా నేర్చుకుందో అన్న గర్వం ఒక్క క్షణం మెరిసి పోయింది. ఆ వెంటనే ఐదో నంబరు మంచం గుర్తొచ్చింది.

"చూశారా," అన్నాడు మెషీన్ల డాక్టరు, జాలిగానే. "మీవాళ్ళే మిమ్మల్ని నమ్మట్లేదు. నేనెలా నమ్మనమ్మా? వెళ్ళి మీ అక్కగారి దగ్గర కూర్చోండి." ఆయన మళ్ళీ బీపీ మిషను చేతిలోకి తీసుకున్నాడు.

ఆమె కదల్లేదు. బల్ల మీద తెరిచి ఉన్న కంపెనీ పుస్తకం వైపే చూస్తోంది. తన పట్టిక అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఎంత పొల్లుపోకుండా అంటే, నాలుగో వెర్షన్ పక్కన ఒక నక్షత్రం గుర్తు కూడా ఉంది. నక్షత్రం ఉందంటే పేజీ అడుగున దాని వివరణ ఉండాలి. పుస్తకంలో అడుగున ఏమీ లేదు. దించుకున్నవాళ్ళు పట్టిక వరకే దించుకున్నారు.

"ఏమండీ," అంది. "ఈ నక్షత్రం ఏమిటి?"

ఆయన చెయ్యి ఆగింది. "ఏమో. మూడేళ్ళుగా నేనూ అదే అనుకుంటున్నాను. కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను. అచ్చు తప్పు అన్నారు."

"అచ్చు తప్పు కాదు. 'ఈ లెక్క ప్రయోగశాలలో వేసింది, పనిచేసే యంత్రం మీద ఎవరూ పరీక్షించలేదు' అని ఆ నక్షత్రం కింద రాశాను. ఇప్పుడే చూడండి. నా ఫోనులో వద్దు, మీ కంప్యూటర్లో తెరవండి. పట్టిక దగ్గరే ఆగిపోకండి, పేజీ చిట్టచివర, చిన్న అక్షరాల్లో."

ఆయన కుర్చీ తిప్పుకుని తన కంప్యూటర్లో పేజీ తెరిచాడు. కిందికి జరిపాడు. ఆమె అన్న మాటలే ఉన్నాయి, ఒక్క ముక్క అటూ ఇటూ లేకుండా. పుస్తకం వైపు చూశాడు. మళ్ళీ తెర వైపు చూశాడు. మొదటిసారి ఆయన మొహంలో రంగు మారింది.

"అయితే దించేశారు," అన్నాడు మెల్లగా. "వెధవలు. చూసి రాసేశారు."

"చరిత్ర నొక్కండి. ఐదేళ్ళ వెనక్కి వెళ్ళండి. రెండో వెర్షన్ పక్కన ఏముంది?"

నొక్కాడు. పాత పట్టికలో రెండో వెర్షన్ పక్కన 124 ఉంది.

మెషీన్ల డాక్టరు రిజిస్టరు లాగి, వేలు పెట్టి వరసలు దిగాడు. చివరిసారి తెర ఆపి పెట్టిన తేదీ దొరికింది. గోడ కేలెండరు దింపి, పెన్సిలుతో ఒక్కో గడీ తాకుతూ లెక్కపెట్టడం మొదలెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. నెల దాటాడు, రెండు దాటాడు. నాలుగో నెలకి వచ్చేసరికి చీపురు కూడా ఆయనతో కలిసి లోలోపల లెక్కపెడుతోంది. పెన్సిలు ఈ రోజు గడి మీద ఆగింది. ఆయన మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"నూట ఇరవై నాలుగు," అన్నాడు.

"ఈరోజేనా?"

"ఈరోజే."

"ఎన్ని గంటలకి?"

రిజిస్టరులో తేదీ ఉంది, టైము లేదు. ఏడాదికి పైగా నడిచే యంత్రానికి గంటలెవరు రాసుకుంటారు? ఆయన నుదురు రుద్దుకున్నాడు. "ఉండండి, గుర్తు తెచ్చుకోనివ్వండి. ఆరోజు రెండో అంతస్తుకి కొత్త కరెంటు లైను వేశారు. పొద్దున్నే ఆపేశారు. తెర లేవడానికి మూడు గంటలు పట్టింది. నేను టిఫిను తిందామనుకుని తినలేకపోయాను. పెద్ద డాక్టరు గారు రౌండ్సుకి వచ్చేసరికి లేచింది. ఆయన తొమ్మిదిన్నరకి వస్తారు." గోడ గడియారం వైపు చూశాడు. ఆమె కూడా చూసింది.

పదకొండుం పావు.

"దాటిపోయిందా?" అంది చీపురు.

"కంగారు పడకండి. దాటిపోతే నర్సు పిలిచి ఉండేది." తనకి తనే చెప్పుకుంటున్నట్టుంది ఆ మాట. బల్ల మీది ఫోను తీసి వార్డుకి కలిపాడు. ఆమెకి కూడా వినబడేలా స్పీకరు నొక్కాడు.

"సిస్టర్, నేను. పైన తెర ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది సార్!" నర్సు గొంతు హుషారుగా ఉంది. "ఈరోజు ఎవరి మొహం చూసి వచ్చానో గానీ, పొద్దున రౌండ్సు అయిన దగ్గర్నించి ఒక్క అలారం కూడా మోగలేదు. ఎనిమిది మందీ బుద్ధిగా ఉన్నారు. రోజూ గంటకి పదిసార్లు కీచుమని ప్రాణం తీస్తుందా, ఇంత ప్రశాంతంగా నా సర్వీసులో ఎప్పుడూ లేదు సార్."

మెషీన్ల డాక్టరు ఫోను పెట్టలేదు. అలాగే బల్ల మీద వదిలేసి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. నర్సు ఇంకా "సార్? సార్?" అంటూనే ఉంది. ఆ వయసు మనిషి అంత వేగంగా మెట్లెక్కుతాడని చీపురు అనుకోలేదు. ఎక్కుతూనే వగరుస్తూ చెప్పాడు. "మంచాల దగ్గర చిన్న మానిటర్లున్నాయి కదా... వాటి శబ్దం, వెలుగూ మేమే తీసేశాం... పేషెంట్లకి నిద్ర పట్టట్లేదంటే. పెద్ద తెర అరుస్తుంది కదా అని..." ఆ తరవాత ఊపిరి అందక మానేశాడు.

వార్డు బయట బెంచీ మీద బావ ఉలిక్కిపడి లేచాడు. "ఏమైంది? ఎక్కడికా పరుగు?" అన్నాడు. చీపురు ఆయన మొహం చూడకుండానే దాటేసింది. ఒక్కసారి చూస్తే తను చేసిన పనంతా అక్కడే కక్కేస్తుందని భయం.

వార్డు పక్కనే నర్సు కూర్చునే గాజు గదిలో పెద్ద తెర పచ్చగా వెలుగుతోంది. ఎనిమిది గళ్ళు. ఎనిమిది గీతలు చక్కగా పైకీ కిందికీ పరిగెడుతున్నాయి. నర్సు దాని ముందు కూర్చుని చీటీలు రాసుకుంటోంది. మెషీన్ల డాక్టరు తెరకి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్ళి నిలబడ్డాడు. "నడుస్తోంది," అన్నాడు. "అమ్మా, నడుస్తోంది." ఆయన గొంతులో ప్రాణం లేచొచ్చిన చప్పుడు. చీపురుకి మాత్రం చర్చా పేజీలో చదివిన మాట గుర్తొచ్చింది, చూసేవాళ్ళకి నడుస్తున్నట్టే ఉంటుందని.

అప్పుడు గాజులోంచి వార్డులోకి చూసింది. ఎనిమిది మంచాలు. ఆరో మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి మడత పెట్టి ఉంది. గుండెకి అంటించే వైర్లు కమ్మీకి చుట్టి వేలాడుతున్నాయి.

"సిస్టర్, ఆరో నంబరు ఏరీ?"

"స్కానింగుకి తీసుకెళ్ళారు. అరగంటైంది. ఏం?"

చీపురు తెర వైపు చెయ్యి చూపించింది. ఆరో గడిలో గీత ఉత్సాహంగా పరిగెడుతోంది. ఎవరికీ తగిలించని వైర్లకి నిమిషానికి ఎనభై రెండు సార్లు గుండె కొట్టుకుంటోంది.

నర్సు చేతిలో పెన్ను కింద పడింది. మరుక్షణం ఆమె ఒకటో మంచం వైపు, మెషీన్ల డాక్టరు ఎనిమిదో మంచం వైపు పరిగెత్తారు. చీపురు ఎటు పరిగెత్తిందో వేరే చెప్పాలా?

అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి భుజం దాకా ఉంది. కదులుతోందా లేదా అని చీపురు కళ్ళు చికిలించి చూసింది. తేల్చుకోలేకపోయింది. వెనక గాజు గదిలో ఐదో గడి డెబ్భై ఆరు చూపిస్తోంది.

"అక్కా," అంది.

భుజం మీద చెయ్యి వేసింది. దుప్పటి మీద నుంచే చల్లగా తగిలింది.

"అక్కా, నేనే. ఒక్కసారి ఇటు తిరుగు."

తెర మీద అక్క గుండె డెబ్భై ఆరు సార్లు కొట్టుకుంటూనే ఉంది. అక్క మాత్రం పలకలేదు.